ఎకరం శ్మశానం, అర డజను వాడలు, మూడు ఆఫీసులు

గుంటూరు కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు తీసుకునే చోట కాసేపు నిలబడితే చాలు. పింఛన్లు, రేషన్ కార్డులు, ఇళ్ల స్థలాల మధ్య ఎక్కడో ఒకచోట ఈ అర్జీ తగులుతుంది: మా ఊళ్లో శ్మశానానికి దారి లేదు, దయచేసి ఇప్పించగలరు. తెల్లకాగితం మీద నాలుగు లైన్లు, కింద పాతిక సంతకాలు, కొన్ని వేలిముద్రలు. చూస్తే చిన్న పనే అనిపిస్తుంది. ఒక సర్వేయరు, ఒక పూట. కానీ అదే ఊరి నుంచి అదే అర్జీ మరుసటేడూ వస్తుంది, ఆపై ఏడూ వస్తుంది. సర్పంచులు మారతారు, తహసీల్దార్లు మారతారు, అర్జీ మాత్రం మారదు.

ఊరి శ్మశానం గొడవ అని మనం ఒక్క పేరుతో పిలిచేదాంట్లో మూడు వేర్వేరు గొడవలు ముడిపడి ఉండటమే ఇందుకు కారణం. స్థలం ఎవరి పేరున ఉందన్నది రెవెన్యూ సంగతి. అక్కడ ఎవరిని పూడ్చనిస్తారన్నది కులం, మతం సంగతి. శవాన్ని అక్కడిదాకా ఎటుగా మోసుకెళ్లాలన్నది పక్క పొలం రైతుతో తేలాల్సిన సంగతి. అర్జీలో రాసేది మూడోది. అధికారి చూసేది మొదటిది. ఊళ్లో అందరికీ తెలిసినా ఎవరూ కాగితం మీద పెట్టనిది రెండోది. ఇక ఫైలు కదిలేదెలా?

ఒక ఊరికి ఎన్ని?

తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర వైపు ఓ మాదిరి ఊరిని తీసుకోండి. పట్నంలో పెరిగినవాళ్లు ఊరి శ్మశానం అనగానే ఒక గేటు, లోపలో రేకుల షెడ్డు ఊహించుకుంటారు. డెల్టా ఊళ్లలో అలా ఒక్కచోట ఉండదు. కమ్మ, రెడ్డి, వైశ్య, బ్రాహ్మణ కుటుంబాలు దహనం చేసే చోటు ఒకటి, ఎక్కువగా కాలువ ఒడ్డునో చెరువు పక్కనో. బీసీల్లో కొందరు కాలుస్తారు, కొందరు పూడుస్తారు. విశ్వబ్రాహ్మణులకు, జంగాలకు పూడ్చే ఆచారం ఉంది. జంగాలైతే కూర్చోబెట్టి పూడుస్తారు. వీళ్లకు విడిగా ఓ మూల. మాలపల్లెకు ఒకటి, మాదిగపల్లెకు ఇంకొకటి; ఇక్కడ పల్లె అంటే దళితవాడ. ముస్లింలు పది గడపలే ఉన్నా ఖబరస్తాన్ వేరు. కాలువ గట్టు మీద గుడిసెలేసుకున్న యానాదులకు చాలాచోట్ల ఏ జాగా రాసి ఉండదు. బతికేదీ ఆ గట్టు మీదే, పోయాక పూడ్చేదీ ఆ గట్టు పక్కనే.

ఇన్ని ఎందుకని అడిగితే ఆచారం అంటారు. అది సగం జవాబే. మిగతా సగం విస్తీర్ణం లెక్క. దహనానికి ఎన్ని తరాలైనా పది సెంట్లు చాలు, నిన్న చితి కాలినచోటే రేపు ఇంకొకటి పేరుస్తారు. పూడ్చేచోట అలా కుదరదు. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. పక్క సందుతో కలిపి గుంటకు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు వేసుకుంటే ఎకరంలో 1,360 గుంటలు పడతాయి. వెయ్యిమంది ఉన్న పల్లెలో ఏడాదికి ఎనిమిది మంది పోతారనుకున్నా అది నూట డెబ్బై ఏళ్లకు సరిపోవాలి. కానీ పల్లె శ్మశానాల్లో ఎకరం నికరంగా ఉన్నవి తక్కువ. ముప్పై సెంట్లయితే నాలుగు వందల గుంటలు, యాభై ఏళ్లు. చెట్లూ, నడవడానికి సందూ, పక్క రైతు కలుపుకున్న రెండు సాళ్లూ తీసేస్తే అందులో సగం. అంటే ఒక తరం.

వెనకటి రోజుల్లో ఇది ఇంత ఇబ్బంది కాలేదు. మట్టిదిబ్బ పదేళ్లకు నేలమట్టం అయ్యేది, గుర్తుకు పెట్టిన రాయి ఎటో పోయేది, అదే చోట మళ్లీ గుంట తీసేవాళ్లు. తవ్వేటప్పుడు పాత ఎముకలు తగిలితే పక్కన పెట్టుకుని, కొత్త శవంతోపాటు మళ్లీ అందులోనే వేసి పూడ్చేవాళ్లు. సిమెంటు వచ్చాక ఈ పద్ధతికి గండిపడింది. ఇప్పుడు గ్రానైటు పలక, రంగు టైల్సు, చుట్టూ స్టీలు గొలుసు, పైన రేకుల పందిరి. పదడుగులు బై ఆరడుగులు. కట్టినవాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. పక్కా ఇల్లు లేకుండానే వెళ్లిపోయిన తండ్రికి కొడుకు కట్టించిన మొదటి పక్కా కట్టడం ఆ సమాధే అయిన కుటుంబాలు బోలెడు. అయినా లెక్క లెక్కే. కట్టిన ప్రతి సమాధీ ఆ జాగాను ఒక ఇంటికి శాశ్వతంగా రాసిచ్చేస్తుంది. పల్లెలో శ్మశానం నిండిపోయిందని అంటున్నారంటే చాలాసార్లు మనుషులతో నిండలేదు, సిమెంటుతో నిండింది. ఈ మాట అర్జీలో ఎవరూ రాయరు, అడిగినా ఒప్పుకోరు.

రికార్డులో ఏముంది

కోస్తాలో భూమి తగాదా ఏదైనా చివరికి చేరేది ఆర్‌ఎస్‌ఆర్ దగ్గరికే. బ్రిటిష్ కాలం నాటి రీసర్వే రిజిస్టరు అది. జమీందారీ గ్రామాలకైతే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తరువాత జరిగిన సెటిల్‌మెంటు రికార్డు. ఒక్కో సర్వే నంబరుకు ఎదురుగా జిరాయితీ (సొంత పట్టా భూమి), ఇనాం (దానంగా ఇచ్చినది), పోరంబోకు (పట్టా లేని ప్రభుత్వ, ఊరుమ్మడి భూమి) అని భూమి తరహా ఉంటుంది. పోరంబోకు దగ్గర చివరి గడిలో శ్మశానం అని రాసి ఉంటే ఆ ఊరు అదృష్టం చేసుకుంది. కొన్నిచోట్ల ఏ కులం శ్మశానమో కూడా రాసి ఉంటుంది. నూరేళ్ల కిందటి గుమస్తా రాసిన ఆ ఒక్క మాట ఇవాళ ఒక పల్లెకు రక్ష, ఇంకో పల్లెకు అడ్డం.

అలా రాసి ఉన్న భూమి సంగతి చట్టంలో స్పష్టంగానే ఉంది. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994, సెక్షన్ 58 ప్రకారం పశువుల మేత బీళ్లు, కళ్లాలు, బండ్ల దారులు, తోపులతో పాటు శ్మశాన పోరంబోకులు కూడా, ప్రభుత్వానికి వేరే అవసరం లేనంతవరకు, గ్రామ పంచాయతీకి దఖలు పడతాయి. సెక్షన్ 45 శ్మశానాలను ఏర్పాటు చేయడం, చూసుకోవడం పంచాయతీ విధుల్లో చేర్చింది. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించడానికి ప్రతి రాష్ట్రమూ పథకం వేసుకోవాలని చెప్పింది. ఇలాంటి భూములకు రిజిస్ట్రేషన్లు కాకుండా ఆపేందుకు రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఏ నిషేధిత జాబితా ఉంది.

మరి ఇంత పకడ్బందీగా ఉంటే ఆక్రమణలు ఎలా జరుగుతున్నాయి? చాలా శ్మశానాలు ఈ వలలోకే రావు గనక. ఎప్పుడో ఓ ఆసామి, పాలేళ్లు పోతే పూడ్చుకోవడానికి చేను చివర పాతిక సెంట్లు నోటిమాటగా వదిలాడు. కాగితం లేదు. రికార్డులో అది జిరాయితీయే, పట్టా ఆయన పేరునే. ఆయన ఉన్నన్నాళ్లూ మాట నిలిచింది. మనవడు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి మొత్తం చేను అమ్మేస్తాడు. కొన్నవాడు రిజిస్ట్రేషన్ కాగితం చూపిస్తాడు. పల్లెవాళ్లు సమాధులు చూపిస్తారు. ఆ మనవడు మోసగాడేమీ కాదు, తాత ఇచ్చిన మాట అతనికి తెలియకపోవచ్చు కూడా.

కాలువ గట్ల మీది శ్మశానాలది ఇంకో తంటా. కృష్ణా పశ్చిమ డెల్టాలో ఎత్తుగా, పొడిగా ఉండే నేల గట్టే. ఖరీఫ్‌లో చుట్టూ పొలాలు నీళ్లతో నిండి ఉన్నప్పుడు గుంట తీయగలిగిన చోటు అదొక్కటే. అందుకే తరాలుగా అక్కడ పూడుస్తున్నారు. కానీ అది ఇరిగేషన్ పోరంబోకు. పంచాయతీ ప్రహరీ కట్టబోతే జలవనరుల శాఖ ఒప్పుకోదు, ఉపాధి హామీలో పని పెట్టబోతే భూమి మీది కాదంటారు. కాలువ మరమ్మతులొస్తే పొక్లెయిన్ ముందు వెళ్లేది సమాధుల మీదుగానే.

2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో మొదలుపెట్టిన భూముల రీసర్వేతో ఇవన్నీ తేలిపోతాయని చాలామంది ఆశపడ్డారు. డ్రోన్లు, ఉపగ్రహ సంకేతాలతో కొలిచే రోవర్లు, అంగుళాల్లో కొలతలు. పాత సర్వే నంబర్ల స్థానంలో కొత్త భూపటం ప్రకారం ఇచ్చే ఎల్‌పీఎం నంబర్లు. ఒక పల్లె శ్మశానం దగ్గర ఆ పని జరుగుతుంటే నేనూ చూశాను. రోవర్ కర్ర పట్టుకున్న కుర్ర సర్వేయరు, పక్కన సచివాలయం ఉద్యోగి, ఆవలి గట్టు మీద చెప్పులు చేతిలో పట్టుకుని పక్క పొలం రైతు, ఈవల పల్లె ఆడవాళ్లు నలుగురు.

"హద్దు ఎక్కడ మామ్మా?" అన్నాడు సర్వేయరు.

"హద్దేంది బాబూ. అదుగో ఆ తాడిచెట్టు కాడ మా అత్త. ఈ గట్టు కింద మా చిన్నోడు. ఆడిదాకా మాదే."

"రాయి ఉంటే చెప్పు మామ్మా, రాయి."

రాయి లేదు. గట్టు ఉంది, అది ఎప్పుడు జరిగిందో ఆవలివైపు నిలబడ్డ రైతుకే తెలియాలి. సర్వేయరు గట్టు మీదే పాయింటు పెట్టుకున్నాడు. అతను చేయగలిగింది అంతే, ఆ చెమటలో ఎండలో అతని మీద కోపం రాలేదు. పొలానికి పట్టాదారు ఉంటాడు, నోటీసు తీసుకుంటాడు, దగ్గరుండి హద్దు చూపించుకుంటాడు. శ్మశానం తరఫున ఆ పని పంచాయతీ చేయాలి. ఆ రోజు పంచాయతీ నుంచి ఎవరూ రాలేదు. పాత ఎఫ్ఎంబీ (క్షేత్ర కొలతల పుస్తకం) పటం నకలు ఎవరైనా తెచ్చి ఆ గట్టు పక్కన పెట్టి కొలిపించి ఉంటే తాడిచెట్టు కథ తేలిపోయేది. ఆధునిక కొలత ఇవాళ ఎవరు ఎంతవరకు దున్నుతున్నారో అంగుళం తేడా లేకుండా చెబుతుంది. నిన్న ఎంతవరకు దున్నారో చెప్పడానికి పాత పటమే కావాలి.

దారి

దారి గొడవ ఏడాదంతా ఉండదు. అందుకే తెగదు. సంక్రాంతి దాటాక చేలు ఖాళీ, ఎటుబడితే అటు నడవొచ్చు. మినుము చేలోంచి పాడె వెళ్లినా రైతు పెద్దగా పట్టించుకోడు. జులైలో కాలువలు వదిలి దమ్ము చేశాక మొదలవుతుంది అసలు బాధ. ఊరికీ శ్మశానానికీ మధ్య ఒకప్పుడు రెండు బండ్లు పట్టే డొంక ఉండేది. అటూ ఇటూ ఏటా ఒక్కో చాలు కలుపుకుంటూ వస్తే అది ఇప్పుడు మనిషి నడిచే గట్టయింది. నలుగురు పక్కపక్కన మోయాల్సిన పాడె అడుగు వెడల్పు గట్టు మీద పోదు. ఇద్దరు గట్టు మీద, ఇద్దరు మోకాలి లోతు బురదలో. పాడె ఒక పక్కకు ఒరుగుతుంది. నల్లరేగడిలో కాలు దిగితే తీయడం ఒక పట్టాన రాదు. వెనకాల వచ్చేవాళ్లలో ముసలివాళ్లు ఊరి చివరే ఆగిపోతారు. నాట్లు వేసిన మడిలోంచి జనం నడిస్తే రైతుకూ నష్టమే. అతను అడ్డుపడితే శవాన్ని ఆపాడన్న పేరు. ఊరుకుంటే వచ్చే ఏడాది అదే దారవుతుందన్న భయం.

గుంట సంగతి సరేసరి. తీస్తుంటేనే నీళ్లూరతాయి. ఒకరు తవ్వుతుంటే ఇంకొకరు బకెట్టుతో తోడుతుంటారు. పెట్టె దించేసరికి అడుగున మళ్లీ జానెడు నీళ్లు. పెట్టె తేలకుండా పైన మట్టి గబగబా వేయాలి. ఇదంతా చేసేది ఇప్పుడు పల్లెలో మిగిలిన నలుగురు కుర్రాళ్లు. ఊరందరికీ గుంటలు తీసి, చావు కబురు మోసి, కట్టెలు చేర్చిన వెట్టి పోయింది, పోవాల్సిందే. దాని స్థానంలో కూలి వచ్చింది. జేసీబీతో తీయిద్దామంటే దారి లేదు. మళ్లీ దారి దగ్గరికే వచ్చాం.

దారిలో పాడె దించే దింపుడు కళ్లం కూడా చాలా ఊళ్లలో రోడ్డు వెడల్పులో కలిసిపోయింది. పాడెను మెయిన్ రోడ్డు మార్జిన్‌లో దించి, లారీల హారన్ల మధ్య పోయినవాళ్ల చెవిలో మూడుసార్లు పేరు పిలవడం ఇప్పుడు మామూలే.

చట్టంలో దీనికి దారి లేకపోలేదు. డొంక అంటే బండ్ల దారి పోరంబోకు, సెక్షన్ 58లో అదీ ఉంది. పటంలో వెడల్పు లింకుల్లో (సర్వే గొలుసు కొలతలో) రాసే ఉంటుంది, కొలిపించి రాళ్లు పాతితే సరిపోతుంది. పటంలో డొంక లేకపోతే 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఉంది. ఇరవై ఏళ్లుగా అడ్డులేకుండా, హక్కుగా నడిచిన దారికి సెక్షన్ 15 వర్తిస్తుంది, ఊరి ఆచారంగా వస్తున్న వాడుకకు సెక్షన్ 18. కాకపోతే ఇది సివిల్ కోర్టు పని. శవాన్ని ఇంట్లో పెట్టుకుని ఎవరూ కోర్టుకు వెళ్లలేరు. శవం వెళ్లిపోయాక మళ్లీ చావు వచ్చేదాకా ఎవరికీ గుర్తుండదు. ఈ అర్జీలు వానాకాలంలో పుట్టి వేసవికి చల్లారిపోవడంలో అధికారుల అలసత్వం ఎంత ఉందో మన మరుపూ అంతే ఉంది.

శిలువ, సర్టిఫికెట్

ఇక అర్జీలో రాయని సంగతి. గుంటూరుకు లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో వచ్చాడు. 1876-78 ధాత కరువు తరువాత ఒంగోలు వైపు బాప్టిస్టు మిషన్‌లో వేలమంది చేరారు. ఫిరంగిపురం వైపు కేథలిక్కులు అంతకు ముందు నుంచే ఉన్నారు, వాళ్లలో రెడ్లు, కమ్మలు కూడా ఉన్నారు. ఈ చరిత్రంతా శ్మశానంలో పొరలు పొరలుగా కనబడుతుంది. మిషన్ ఉన్న పెద్ద ఊళ్లలో గోడ, గేటు ఉన్న సమాధుల తోట ఉంటుంది, తాళం సంఘ పెద్దల దగ్గర. చిన్న పల్లెల్లో అలాంటిదేమీ లేదు. తాతలు ఏ మతంలో ఉన్నా పల్లెకున్న పాత జాగాలోనే పూడ్చుకుంటూ వచ్చారు. అందుకే ఒకే వరసలో శిలువ ఉన్న సమాధి, పసుపు కుంకుమ పూసిన రాయి, ఏమీ లేని మట్టిదిబ్బ కనిపిస్తాయి. నవంబరు 2న సమాధుల పండుగకు ముందు అందరూ కలిసే చిల్లచెట్లు కొడతారు, సున్నం వేస్తారు. సాయంత్రం కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఈస్టరు తెల్లవారుజామున మళ్లీ వస్తారు. మతం మారినా కులం విడిచిపోలేదనడానికి కూడా ఇక్కడే రుజువు దొరుకుతుంది. ఒకే మిషన్‌లో ఉన్నా మాల, మాదిగ పల్లెల సమాధుల తోటలు వేరుగా ఉన్న ఊళ్లున్నాయి. ఇండిపెండెంట్ చర్చిలు పెరిగాక కొత్త చిక్కు కూడా వచ్చింది. వాటికి ప్రార్థన మందిరం ఉంటుంది గానీ సొంత సమాధుల తోట ఉండదు. మీ సంఘంలో సభ్యత్వం లేదు కదా అని పాత సంఘం పెద్దలు గేటు దగ్గర అంటే ఆ కుటుంబానికి ఎటూ తోచదు.

చిక్కుముడి అసలు ఇక్కడుంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా ఇచ్చింది, తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవంలోకి వెళ్లిన దళితులు మన రాష్ట్రంలో బీసీ-సి. కాబట్టి పల్లెలో చాలా కుటుంబాలు ఆదివారం చర్చికి వెళ్తాయి, సర్టిఫికెట్‌లో హిందూ మాల, హిందూ మాదిగ అని ఉంటాయి. ఇందులో వింతేమీ లేదు, ఊళ్లో అందరికీ తెలిసిందే. కానీ పాస్టరుగా ఉన్న వ్యక్తి ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం రక్షణ కోరలేడని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు ఇచ్చాక, అదీ ఉమ్మడి గుంటూరు జిల్లా నుంచి వెళ్లిన కేసులో, పల్లెల్లో లోపల్లోపల టెన్షన్ మొదలైంది.

దీనికీ శ్మశానానికీ సంబంధం ఏమిటంటే, ఆక్రమణ జరిగినప్పుడు అర్జీ ఎవరుగా పెట్టాలన్నది తేల్చుకోవాలి. ఎస్సీలుగా పెడితే బలమైన చట్టం ఉంది. 2016 జనవరిలో అమల్లోకి వచ్చిన సవరణతో, శ్మశానాన్ని ఇతరులతో సమానంగా వాడుకోనివ్వకుండా ఎస్సీ, ఎస్టీలను అడ్డుకోవడం అట్రాసిటీ చట్టం సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) కింద నేరం. దళితవాడలకు శ్మశాన స్థలం కేటాయించాలన్న జీవో 1235 కూడా ఉంది, దళిత సంఘాల వినతిపత్రాల్లో తరచూ కనిపించే నంబరు. క్రైస్తవులుగా పెడితే ఈ రెండూ చేతికి రావు, సమాధులను అపవిత్రం చేయడం మీద భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 301 మిగులుతుంది, ఏడాది దాకా శిక్ష. అందుకే తెలిసినవాళ్లు అర్జీలో సమాధుల తోట అని రాయొద్దంటారు, పాస్టరుగారిని సంతకం పెట్టొద్దంటారు. మరీ జాగ్రత్తపరులు సమాధి పలక మీద శిలువ వేయించాలా వద్దా అని కూడా ఆలోచిస్తున్నారు. చచ్చిపోయిన మనిషి ఏ దేవుణ్ణి నమ్మాడో పలక మీద రాయడానికి బతికున్న మనవడి స్కాలర్‌షిప్ అడ్డం రావడం నాకు ఎంత ఆలోచించినా మింగుడుపడని సంగతి. కోర్టులు ఉన్న ఉత్తర్వును చదివి చెప్పాయి. ఉత్తర్వే మారాలా వద్దా అన్నది పార్లమెంటు తేల్చాలి.

వేరే రాష్ట్రాల్లో ఇది ఎంతదాకా వెళ్లిందో 2025 జనవరిలో చూశాం. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో ఒక క్రైస్తవ పాస్టరు శవం ఇరవై రోజులు మార్చురీలో ఉండిపోయింది. సొంత పొలంలో పూడ్చుకోవచ్చని ఒక న్యాయమూర్తి, కేటాయించిన చోటే పూడ్చాలని మరొకరు అన్నారు. చివరికి ఇరవై కిలోమీటర్లకు పైగా దూరంలోని క్రైస్తవ శ్మశానానికి పంపారు. గుంటూరు పల్లెల్లో అంత రాలేదు. బంధుత్వాలు మతాన్ని దాటి అల్లుకుని ఉండటమే అందుకు కారణమని నా అంచనా. అన్న చర్చికి, తమ్ముడు పోలేరమ్మ గుడికి వెళ్లే ఇంట్లో తండ్రి శవాన్ని ఎవరు ఆపుతారు?

ఖబరస్తాన్ల చిక్కు వేరే రకం. ఎవరూ వక్ఫ్‌నామా రాయకపోయినా తరాల వాడుకతోనే వక్ఫ్‌గా, అంటే ముస్లింల ధార్మిక ఆస్తిగా, చెల్లుబాటైన జాగాలు పల్లెల్లో ఎక్కువ. 2025 వక్ఫ్ సవరణ చట్టం ఇకముందు వాడుకతో వక్ఫ్ ఏర్పడే పద్ధతిని తీసేసింది. అంతకుముందు రిజిస్టరైనవి వివాదం లేకుంటే, ప్రభుత్వ భూమి కాకుంటే నిలుస్తాయి. దూదేకుల కుటుంబాలు పదో ఇరవయ్యో ఉన్న ఊళ్లో ఖబరస్తాన్‌ను రిజిస్టరు చేయించాలన్న ఆలోచన ఎవరికి వచ్చి ఉంటుంది? రికార్డులో అది పోరంబోకు అని ఉంటే ప్రభుత్వ భూమే కదా అంటారు. ఆ మాట చెల్లితే అది పంచాయతీకి దఖలు పడ్డ శ్మశానంగా అయినా నిలవాలి. రెండిట్లో ఏదో ఒకటి గట్టిగా పట్టుకోకపోతే రెండూ పోతాయి.

చుండూరు

పూడ్చే చోటు అంటే హక్కు అని మన వైపు అందరికన్నా గట్టిగా చెప్పింది తెనాలి దగ్గరి చుండూరు. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను చంపారు. శవాలను పల్లె శ్మశానానికి తీసుకెళ్లలేదు. ఊరి నడిబొడ్డున పూడ్చారు, ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు నడిచింది, 2007లో 21 మందికి యావజ్జీవం పడింది, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. కేసు కొట్టేశారు గానీ సమాధులను ఎవరూ కదపలేదు. ఊరి చివర, దక్షిణపు గాలి సోకని మూల పల్లె శ్మశానం ఉండాలన్న పాత ఏర్పాటును అక్కడ సమాధులే అడ్డంగా తిరగేశాయి.

అందుకే ఊరందరికీ ఒకే శ్మశానం అన్న ప్రతిపాదన వినిపించినప్పుడు నేను వెంటనే చప్పట్లు కొట్టలేను. న్యాయంగా అదే సరైనది. కానీ ఊరి శ్మశానానికి గేటు, షెడ్డు, బోరు, సిమెంటు రోడ్డు ఉండి పల్లె శ్మశానానికి ఏమీ లేనిచోట, ఒకటే అనడం ఎవరి జాగాను ఖాళీ చేయిస్తుందో ముందు చూడాలి. కేంద్ర చట్టం కూడా అంత తొందరపడలేదు. ప్రాజెక్టుల కింద ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు ఇవ్వాల్సిన వసతుల జాబితా 2013 భూసేకరణ చట్టం మూడో షెడ్యూలులో ఉంది. అక్కడ ఉండే కులాలు, వాళ్ల ఆచారాలను బట్టి శ్మశానం ఇవ్వాలని రాశారు. పులిచింతల లాంటి ప్రాజెక్టుల కింద ఊళ్లు వదిలి వచ్చినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. ఇళ్లకు పరిహారం లెక్క కట్టొచ్చు, నీళ్ల కిందకు పోయిన సమాధులకు ఏ లెక్కా లేదు.

ఉమ్మడిగా చూసుకునే అలవాటు ఈ నేలకు కొత్తేమీ కాదు. రేపల్లె దగ్గర భట్టిప్రోలు స్తూపంలో 1892లో అలెగ్జాండర్ రీ బయటికి తీసిన ధాతు పేటికల (అస్థికల పెట్టెల) మీద ఆ పని చేయించిన గోష్ఠి, అంటే సంఘం, సభ్యుల పేర్లు చెక్కి ఉన్నాయి. రెండు వేల ఏళ్లకు పైబడిన కమిటీ లిస్టు అన్నమాట. ఇప్పటి పల్లె శ్మశానానికి అలాంటి పేర్ల పట్టీ లేదు.

పట్నం అంచున ఉన్న ఊళ్లకు టైము తక్కువ. 2012లో గుంటూరు నగరంలో పది గ్రామాలు కలిశాయి. పంచాయతీ పోయింది, సెక్షన్ 58 పోయింది, అపార్టుమెంట్లు వచ్చాయి. గజాల్లో అమ్ముడయ్యే చోట సెంట్లలో ఉన్న శ్మశానం పక్క ప్లాటువాడికి కంటగింపే. విజయవాడ చుట్టూ కూడా ఇదే వరస. అలాంటి ఊళ్లో ఉంటే రేపు చూద్దాంలే అనుకోవద్దు.

చేయాల్సిన పని వేసవిలోనే, ఎవరూ చనిపోనప్పుడే మొదలుపెట్టాలి. ముందు ఆర్‌ఎస్‌ఆర్ నకలు, ఎఫ్ఎంబీ నకలు తీయించాలి, ఒకటి స్థలానికి, ఒకటి దారికి. రీసర్వే అయిన ఊరైతే కొత్త ఎల్‌పీఎంలో విస్తీర్ణం పాత రికార్డుతో ఒక్క సెంటయినా తగ్గిందేమో చూసుకుని, తగ్గితే అభ్యంతరం రాతపూర్వకంగా పెట్టాలి. నోటిమాట మీద ఉన్న జాగా అయితే ఆసామి వారసులు ఇంకా మాట వినే స్థితిలో ఉండగానే పంచాయతీ పేరున గిఫ్టు డీడు రాయించుకోవాలి. గ్రామసభలో తీర్మానం చేయించి, 22-ఏ జాబితాలో ఆ నంబరు ఎక్కిందో లేదో సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో కనుక్కోవాలి. కొలతకు సర్వేయరు వచ్చిన రోజు పక్క రైతును కూడా పిలిచి, అతని సంతకంతోనే రాళ్లు పాతాలి, లేకపోతే ఆ రాళ్లు నాట్ల దాకా ఉండవు. సిమెంటు సమాధి ఎంత సైజు దాటకూడదో పల్లె పెద్దలు కూర్చుని తేల్చుకోవాలి, ఇది ఏ ఆఫీసూ చేసిపెట్టే పని కాదు. అర్జీ పెట్టడం ఆ తరువాత. అప్పుడు అందులో దారి లేదని కాకుండా, ఫలానా నంబరు డొంక ఇన్ని లింకుల వెడల్పు ఉండాలి, ఇప్పుడు ఇంతే ఉంది, కొలిచి ఇప్పించండి అని రాయొచ్చు.